తెర మీది మాట చేతికి రావాలి

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వైపు పోతుంటే దారికి రెండు పక్కలా నల్లరేగడి కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ నేలలో మిగిలిన తేమ మీదే శనగ విత్తుతారు. రైతులకు శిక్షణ తరగతులు పెట్టేదీ ఆ రోజుల్లోనే. అలాంటి ఒక తరగతి చెప్పడానికి కొత్తపల్లె వెళ్ళిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. గోడకు తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాం. విత్తన శుద్ధి, ఎండు తెగులు, శనగపచ్చ పురుగు, యంత్రంతో కోత, ఇలా ముప్పై స్లైడ్‌లు. గంటన్నర చెప్పాను. ఒక్కరు కూడా మధ్యలో లేచిపోలేదు.

అంతా అయ్యాక వెనక వరుసలోంచి ఒక పెద్దాయన దగ్గరకొచ్చి, "సార్, మీరు చూపిచ్చిందంతా బాగుండాది. ఇంటికి పోయేతలికి సగం మర్చిపోతాం. ఆ మాటలన్నీ ఒక కాయితంలో ఇచ్చినారంటే గోడకు అంటిచ్చుకుంటా" అన్నాడు.

అదెంత పని అనుకున్నాను. ఆ రాత్రే పవర్‌పాయింట్ ఫైలును అవుట్‌లైన్‌గా సేవ్ చేసి, వర్డ్‌లో తెరిచి, ప్రింటు తీసి, మర్నాడు జిరాక్సులు పంపించాను. రెండు రోజులకు ఫోన్ వచ్చింది. "కాయితం అందింది సార్. కిలో విత్తనానికి మందు ఎంత కలపాల్నో ఇందులో లేదే?"

తీసి చూశాను. మోతాదుల స్లైడ్‌కు శీర్షిక ఒక్కటే వచ్చింది. కింద ఉండాల్సిన పట్టిక లేదు. రైతుకు అన్నిటికంటే అవసరమైన అంకెలు ఏ స్లైడ్‌లో ఉన్నాయో, ఆ స్లైడే కాగితం మీద ఖాళీగా మిగిలింది. నేను చదివి చూడకుండానే పంపించాను.

ఈ అధ్యాయంలో చెప్పేవన్నీ ఆ ఫోన్ తర్వాత నేర్చుకున్నవే. మీరు ఉపాధ్యాయులు కావచ్చు, వ్యవసాయ సహాయకులు కావచ్చు, పొదుపు సంఘాలకు లెక్కలు నేర్పేవాళ్ళు కావచ్చు. స్లైడ్‌లు పెట్టి నలుగురికి చెప్పే ప్రతి మనిషికీ ఈ పని తెలిసి ఉండాలి.

స్లైడ్ ఎవరి కోసం పుట్టింది?

పవర్‌పాయింట్ 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ నుంచి వచ్చింది. మొదట మెకింటాష్ కంప్యూటర్లలోనే పనిచేసేది. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ దాన్ని తయారుచేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కోటీ 40 లక్షల డాలర్లకు కొనేసింది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక పలకలను సులువుగా తయారు చేసుకోవడమే దాని తొలి ప్రయోజనం. అంటే పక్కన ఒక మనిషి నిలబడి మాట్లాడుతుంటాడని అనుకునే దాన్ని తయారుచేశారు. అందుకే స్లైడ్‌లో పూర్తి వాక్యాలు తక్కువ. మిగతా సగం చెప్పేవాడి నోట్లో ఉంటుంది.

కాగితం సంగతి వేరు. అది చదివేటప్పుడు మీరు పక్కన ఉండరు. పొలం గట్టు మీద చదివే రైతుకు అనుమానం వస్తే అడగడానికి ఎవరూ దొరకరు. అందుకని ఈ పనిలో రెండు భాగాలున్నాయి. స్లైడ్‌లలో ఉన్న అక్షరాన్నంతా పోకుండా బయటికి తీయడం మొదటిది. నోటితో చెప్పినదాన్ని అందులో చేర్చి, ఒంటరిగా చదివినా అర్థమయ్యేలా చేయడం రెండోది. మొదటి భాగానికి కంప్యూటర్ సాయం చేస్తుంది. రెండోది మీరే చేయాలి.

మన సీమకు ఈ పని కొత్త కాదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తాళపత్రాల్లో చెల్లాచెదురైన తెలుగు గ్రంథాలను సేకరించాడు. సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకుని వాటిని కాగితం మీదకు ఎక్కించాడు. ఒకే గ్రంథానికి దొరికిన వేర్వేరు ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూడమన్నాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. అంతకుముందు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాసిన కైఫీయతుల (ఊళ్ళ చరిత్రల) కాగితాలు శిథిలమవుతుంటే వాటికీ నకళ్ళు రాయించాడు. ఒకచోట ఇరుక్కున్న మాటను పదిమందికి అందే చోటికి చేర్చడమే ఆయన చేసిన పని. మన చేతిలో ఉన్నది తాటాకు కాదు, పీపీటీ ఫైలు. కావలసిన ఓపిక మాత్రం అదే.

ముందు లెక్క చూసుకోండి

పొలంలో దిగేముందు గట్లు చూసుకున్నట్టు, ఫైలు తెరవగానే అందులో అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోవాలి. ఒక స్లైడ్‌లో అక్షరం దాగే చోట్లు ఇవి:

1. శీర్షిక పెట్టె, దాని కింద పాయింట్లు రాసే పెట్టె. స్లైడ్ లేఅవుట్‌తో పాటే వచ్చే పెట్టెలివి.
2. మీరు విడిగా గీసుకున్న టెక్స్ట్ బాక్సులు, బాణాలు, వృత్తాల్లో రాసినవి.
3. పట్టికలు.
4. స్మార్ట్ ఆర్ట్ బొమ్మలు, చార్టుల్లోని మాటలు.
5. స్లైడ్ కింద నోట్స్ భాగంలో రాసుకున్నవి.
6. ఫొటోగానో, స్క్రీన్‌షాట్‌గానో అతికించిన పేజీలు. వీటిలో మీకు అక్షరాలు కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం అది బొమ్మే.
7. దాచిపెట్టిన స్లైడ్‌లు.

ఒక తెల్లకాగితం తీసుకుని, స్లైడ్ నంబరు వేసి, ఈ ఏడింటిలో ఏవేవి ఉన్నాయో రాసుకోండి. ముప్పై స్లైడ్‌లకు పది నిమిషాలు పడుతుంది. ఆ రాత్రి నేను ఈ పది నిమిషాలు పెట్టి ఉంటే, ఆ ఫోన్ వచ్చేది కాదు.

ఇంకో చిట్కా ఉంది. పవర్‌పాయింట్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి అవుట్‌లైన్ వ్యూ నొక్కండి. ఎడమ పక్కన మాటలు వరసగా కనిపిస్తాయి. అక్కడ కనిపించనివి అవుట్‌లైన్ ఫైలులోకి కూడా రావు. ఏది జారిపోతుందో ముందే తెలిసిపోతుంది.

నాలుగు దారులు

*మొదటి దారి: అవుట్‌లైన్.* ఫైల్, సేవ్ యాజ్ నొక్కి, ఫైలు రకాల జాబితాలో అవుట్‌లైన్/ఆర్‌టీఎఫ్ ఎంచుకోండి. వచ్చిన ఫైలు వర్డ్‌లో తెరుచుకుంటుంది. శీర్షికలు, పాయింట్లు వరస తప్పకుండా వస్తాయి. టెక్స్ట్ బాక్సులు, పట్టికలు, స్మార్ట్ ఆర్ట్, నోట్స్ రావు. లేఅవుట్ పెట్టెల్లోనే రాసుకునే అలవాటున్నవాళ్ళకు ఇది చాలు. స్లైడ్ నేపథ్యం నల్లగా, అక్షరాలు తెల్లగా ఉంటే, కొన్నిసార్లు వర్డ్‌లో తెల్లకాగితం మీద తెల్లక్షరాలే పడి పేజీ ఖాళీగా కనిపిస్తుంది. కంగారు పడకండి. కంట్రోల్-ఏ నొక్కి అక్షరాల రంగు నలుపుకు మార్చండి.

*రెండో దారి: హ్యాండౌట్స్.* విండోస్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ హ్యాండౌట్స్ అని వెళ్తే, స్లైడ్‌లు వర్డ్‌లోకి వెళ్తాయి. నోట్స్ స్లైడ్ పక్కన రావాలా, కింద రావాలా అని అడుగుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ పద్ధతిలో స్లైడ్ బొమ్మగా వస్తుంది, నోట్స్ మాత్రమే దిద్దుకోగలిగే అక్షరాలుగా వస్తాయి. చెప్పాల్సినదంతా నోట్స్‌లో రాసుకునే అలవాటుంటే దీన్ని మించినది లేదు. నోట్స్ ఖాళీగా ఉంటే బొమ్మలు తప్ప ఏమీ దక్కవు.

*మూడో దారి: గూగుల్ స్లైడ్స్.* ఫైలును గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ స్లైడ్స్‌లో తెరిచి, ఫైల్, డౌన్‌లోడ్, ప్లెయిన్ టెక్స్ట్ నొక్కండి. రంగులు, ఆకారాలు అన్నీ పోయి అక్షరాలు మాత్రమే దిగుతాయి. కంప్యూటర్‌లో పవర్‌పాయింట్ లేనివాళ్ళకు డబ్బు ఖర్చు లేని దారి ఇది.

*నాలుగో దారి: ప్రోగ్రాం.* వంద ఫైళ్ళున్నవాళ్ళు, మండలం అంతటి శిక్షణ సామగ్రిని ఒకచోట చేర్చాలనుకునేవాళ్ళు ఈ దారి పట్టాలి. 2007 ఆఫీస్ నుంచి వస్తున్న పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఒక నకలు తీసుకుని దాని పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, లోపల ప్రతి స్లైడ్‌కూ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు, నోట్స్‌కు వేరే ఫోల్డరు కనిపిస్తాయి. అక్షరాల్లో చాలాభాగం అక్కడే ఉంటుంది. పైథాన్ భాషలో పైథాన్-పీపీటీఎక్స్ అనే ఉచిత లైబ్రరీ ఆ మూట విప్పి మాటలు తీసిపెడుతుంది. రాసేవాళ్ళు రెండు విషయాలు మరవకూడదు. గ్రూపు చేసిన ఆకారాల లోపలికి విడిగా వెళ్ళాలి. పట్టికలో ప్రతి గడినీ విడిగా చదవాలి. ఈ రెండూ మరిచిపోతే, నా కాగితంలో పోయినట్టే మీ దాంట్లోనూ పట్టిక పోతుంది. మీ ఊళ్ళో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎవరైనా ఉంటే అడగండి, ఒక సాయంత్రంలో రాసిస్తారు.

పాత పీపీటీ ఫైళ్ళను ముందు తెరిచి పీపీటీఎక్స్‌గా సేవ్ చేసుకుంటే ఈ దారి వాటికీ పనికొస్తుంది.

తెలుగుకు మాత్రమే ఉన్న చిక్కులు

ఇంగ్లీషు స్లైడ్‌ల గురించి చెప్పేవాళ్ళు ఇవి చెప్పరు. మనమే చెప్పుకోవాలి.

మొదటి చిక్కు పాత ఫాంట్లు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో టైపు చేసిన స్లైడ్ తెర మీద చక్కటి తెలుగులా కనిపిస్తుంది. దాన్ని టెక్స్ట్‌గా దించగానే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వస్తుంది. ఫైలు పాడైపోలేదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చినవి. ఫాంటు తీసేస్తే అడుగున ఉన్నది బయటపడుతుంది. అలాంటి వాటిని, తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌తో ముందు మార్చుకుని, ఒత్తులు, గుణింతాలు ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఇక ముందు చేసే స్లైడ్‌లను యూనికోడ్‌లోనే టైపు చేయండి. విండోస్‌లో ఉన్న గౌతమి, నిర్మల ఫాంట్లు యూనికోడ్‌వే.

రెండో చిక్కు ప్రశ్నార్థకాలు. పవర్‌పాయింట్‌లో మాక్రో (చిన్న ప్రోగ్రాం) రాసి, మాటలను మామూలు పద్ధతిలో టెక్స్ట్ ఫైలులోకి పంపితే, తెలుగు అక్షరం ఉన్న ప్రతిచోటా ఒక ప్రశ్నార్థకం గుర్తు పడుతుంది. ఆ పాత పద్ధతికి యూనికోడ్ తెలియకపోవడమే కారణం. ఫైలును యూటీఎఫ్-8 లో రాయించాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా మారిన ఫైలు నుంచి తెలుగును మళ్ళీ రాబట్టలేం. అందుకే అసలు ఫైలును ఎప్పుడూ ముట్టుకోకుండా నకలు మీదే పనిచేయండి.

మూడో చిక్కు పీడీఎఫ్. స్లైడ్‌లను పీడీఎఫ్ చేసి అందులోంచి కాపీ చేసుకుందాం అని చాలామంది అనుకుంటారు. ఇంగ్లీషుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. తెలుగులో ఒత్తులు ఎగిరిపోవడం, గుణింతం పక్క అక్షరానికి అతుక్కోవడం తరచూ జరుగుతుంది. పీడీఎఫ్‌ను చదవడానికి, పంచడానికి వాడండి. మాటలు మాత్రం అసలు ఫైలులోంచే తీసుకోండి.

నాలుగోది బొమ్మలోని అక్షరం. స్కాన్ చేసి అతికించిన కరపత్రాలు, పత్రికల ముక్కలు ఉంటే, ఆ బొమ్మను విడిగా సేవ్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అక్షరాలు టైపు చేసినట్టు వస్తాయి. తెలుగును బాగానే గుర్తుపడుతుంది, అయినా పూర్తిగా నమ్మకండి. ప, వ, ష ఒకదానికొకటి మారతాయి. ఘ, ఝ తికమక పడతాయి. అన్నిటికంటే ప్రమాదం సున్న. తెలుగు సున్న, అంకెల సున్న ఒకేలా ఉంటాయి. 10 అని ఉండాల్సిన చోట ఒకటి పక్కన పూర్ణానుస్వారం పడితే కంటికి తేడా తెలియదు. ఆ పత్రంలో తర్వాతెప్పుడైనా 10 అని వెతికితే మాత్రం దొరకదు.

సరిచూడకుండా పంపకండి

బయటికి తీసిన పత్రాన్ని మూడుసార్లు చూడాలి, ఒక్కోసారి ఒక్కో పని కోసం.

మొదటిసారి లెక్క కోసం. మొదట రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, ముప్పై స్లైడ్‌లకు ముప్పై భాగాలు వచ్చాయా, పట్టికలన్నీ వచ్చాయా అని టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి.

రెండోసారి అంకెల కోసం. మాటలు చదవకండి, అంకెలే చూడండి. గ్రాములు, లీటర్లు, ఎకరాలు, తేదీలు, రకాల పేర్లు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన శనగ రకాల్లో ఎన్‌బీఈజీ-47 ఉంది, ఎన్‌బీఈజీ-49 కూడా ఉంది. యంత్రంతో కోతకు వచ్చేది 47. ఒక్క అంకె తప్పుపడితే రైతు దుకాణంలో వేరే విత్తనం అడుగుతాడు. ఆ తప్పు తెలిసేసరికి పంట కోతకు వచ్చి ఉంటుంది.

మూడోసారి గొంతెత్తి చదవడానికి. ఒకరు స్లైడ్ చూస్తుంటే ఇంకొకరు పత్రం పైకి చదవాలి. బ్రౌన్ దగ్గర పండితులు ప్రతులను ఎదురెదురుగా పెట్టుకుని సరిచూసిన పని ఇదే. ఇంట్లో పిల్లలతో చదివించండి. మీ కంటికి అలవాటైన తప్పు వాళ్ళ నోటికి తగులుతుంది.

ముక్కలను వాక్యాలు చేయండి

ఇప్పుడు మీ చేతిలో స్లైడ్‌లలోని అక్షరమంతా ఉంది. పని సగమే అయింది. ఆ పత్రంలో ఇలాంటి పాయింట్లు ఉంటాయి: "విత్తన శుద్ధి – ట్రైకోడెర్మా విరిడి – నీడలో ఆరబెట్టాలి." తరగతిలో మీరు దీని మీద ఐదు నిమిషాలు మాట్లాడారు. కాగితం మీద ఆ ఐదు నిమిషాలు లేవు. దాన్ని ఇలా రాయండి:

"విత్తే ముందు శనగ విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి పొడి పట్టించి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు. ట్రైకోడెర్మా బతికున్న శిలీంధ్రం, ఎండకు చచ్చిపోతుంది. చాలా రకాల రసాయన శిలీంధ్రనాశినులు దీన్ని కూడా చంపేస్తాయి కాబట్టి, ఏ మందుతోనైనా కలిపేముందు అడిగి తెలుసుకోవాలి."

తేడా గమనించండి. స్లైడ్‌లో "ఏం చేయాలి" అన్నది ఉంది. "ఎందుకు" అన్నది మీ నోట్లో ఉండిపోయింది. కారణం తెలియని సూచనను మనిషి తొందరలో ఉన్నప్పుడు పక్కన పెట్టేస్తాడు. కారణం తెలిస్తే నీడ వెతుక్కుంటాడు. అలాగే "ఎన్‌బీఈజీ-47 – యంత్రంతో కోత" అన్న చోట, ఆ మొక్క నిటారుగా, ఎత్తుగా పెరిగి కాయలు నేలకు పైన కాస్తాయి కాబట్టి కోత యంత్రం బ్లేడుకు అందుతాయని ఒక వాక్యం చేర్చండి. ప్రతి పాయింటు దగ్గరా ఆగి, "ఎందుకు?" అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబు రాయండి. మీకే జవాబు తెలియకపోతే, తెలిసినవాళ్ళను అడిగాకే ఆ పాయింటును పత్రంలో ఉంచండి. ముప్పై స్లైడ్‌లను పత్రంగా మార్చిన మనిషికి తన విషయంలో తనకేం తెలుసో, ఏం తెలియదో మొదటిసారి స్పష్టంగా తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

తర్వాత ఒక పని చేయండి. కొత్తగా రాసిన ఈ వాక్యాలను తిరిగి స్లైడ్‌ల నోట్స్ భాగంలో అతికించండి. వచ్చే ఏడు అదే తరగతి చెప్పేటప్పుడు మీ మాట స్థిరంగా ఉంటుంది. రెండో దారిలో హ్యాండౌట్ తీస్తే పత్రం దానంతటదే సిద్ధమవుతుంది. మీరు బదిలీ అయి వెళ్ళినా, మీ తర్వాత వచ్చినవాళ్ళు ఆ ఫైలుతో తరగతి నడపగలుగుతారు.

ఈ వారం చేయాల్సిన పని

మీరు గతంలో చెప్పిన తరగతుల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. పెద్దది వద్దు, పదిహేను స్లైడ్‌లు చాలు.

- మొదటి రోజు: అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క రాయండి.
- రెండో రోజు: నాలుగు దారుల్లో మీకు కుదిరిన దారిలో మాటలు బయటికి తీయండి. జారిపోయిన పట్టికలను కాపీ చేసి వాటి చోట్లో అతికించండి.
- మూడో రోజు: అంకెలు సరిచూడండి.
- నాలుగో రోజు, ఐదో రోజు: ముక్కలను వాక్యాలు చేయండి. ప్రతిదానికీ "ఎందుకు" చేర్చండి.
- ఆరో రోజు: ఇంకొకరి చేత పైకి చదివించండి.
- ఏడో రోజు: రెండు పేజీలకు తగ్గకుండా, నాలుగు పేజీలు మించకుండా ప్రింటు తీయండి. అక్షరం పెద్దదిగా ఉంచండి. కళ్ళజోడు లేకుండా చదివేవాళ్ళకు అందేలా ఉండాలి. పైన విషయం, తేదీ, సందేహం వస్తే ఎవరిని అడగాలో రాయండి.

కొత్తపల్లె రైతులకు నేను రెండోసారి పంపిన కాగితంలో మోతాదుల పట్టిక మొదటి పేజీలోనే ఉంది. దాని కింద కారణాలు ఉన్నాయి. ఆ పెద్దాయన చెప్పినట్టే దాన్ని గోడకు అంటించుకున్నాడు. మీరు తరగతి చెప్పిన ఊళ్ళోనూ అలా అడిగేవాళ్ళు ఉంటారు. కొందరు మొహమాటంతో అడగరు. వాళ్ళు అడిగేదాకా ఆగకండి. ఇకనుంచి ప్రొజెక్టర్ ఆపి సంచిలో పెట్టుకునే ముందు, ఆ రోజు చెప్పిన మాట కనీసం ఒక్కరి చేతిలో కాగితంగా ఉండేలా చూడండి.